పదమూడు వందల అరవై ఒకటి

డ్రైవరు వరదయ్య రెండోసారి హారన్ కొట్టేటప్పటికి సామ్యేలు చివరి వరస సీటు తుడుస్తున్నాడు. ఉదయగిరిలో రాత్రి నిలిచే బస్సు అది. తెల్లవారేసరికి కొండ మీది దుమ్ము దిగి సీట్లన్నిటి మీదా సన్నగా పరుచుకొని ఉంటుంది. తుడవడం కండక్టరు పని కాదు. తుడవమని అతనికి ఎవరూ చెప్పలేదు కూడా. ఎప్పుడో ఒకరోజు తుడిచాడు, మరుసటి రోజూ తుడిచాడు, ఆ తర్వాత మానడానికి కారణం కనబడలేదు.

యాభై దాటిన మనిషి. పొడుగ్గా, ఎండిన జొన్నదంటులా ఉంటాడు. ఏళ్ళ తరబడి తోలుసంచి మోయడం వల్ల ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి దిగిపోయింది. ఖాకీ చొక్కా మీద సంచి పట్టీ ఒరుసుకున్న చోట బట్ట తెల్లబారింది. టికెట్ల ట్రే పట్టుకునే ఎడమచేతి చివరి రెండు వేళ్ళకూ స్పర్శ లేదు. మొదట్లో తిమ్మిరి అనుకున్నాడు. ఆ తర్వాత అదీ అనుకోలేదు. వేడి టీగ్లాసు ఆ వేళ్ళతోనే పట్టుకుంటే కాలదు గదా అని ఒకసారి భార్య హన్నమ్మతో అన్నాడు. ఆమె అతని వైపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

బస్సు దిగి, రోడ్డు దాటి బర్కతుల్లా అంగడి దగ్గరకు నడిచాడు. అంగడి అంటే నాలుగు గుంజలు, పైన ఒక టార్పాలిను. బర్కతుల్లా తెల్లవారుజాము ఫజర్ నమాజు చేసుకొని వచ్చి కొయ్యగరిటెలు చెక్కడానికి అప్పుడే కూర్చున్నాడు. అరవై ఏళ్ళవాడు. తెల్లటి కురచ గడ్డం, మోకాళ్ళ మీద గోతాం గుడ్డ, దాని నిండా చెక్కపొట్టు.

"నిన్నటిది ఏమైంది?" అన్నాడు తల ఎత్తకుండా.

"తెగలా. పద్నాలుగు తక్కువ పడింది భాయ్."

"పద్నాలుగేనా. దగ్గరకొచ్చి పోయిందే."

"ఈరోజుది చెప్పు."

బర్కతుల్లా ఉలి పక్కన పెట్టాడు. "పదమూడు వందల ఇరవై ఏడు దాటినాక చానా దూరం ఏదీ మిగల్లా సామ్యేలూ. అన్నీ కొట్టేసినాను. వింజమూరు ముందర ఒక్క చెట్టు కూడా లేని రోడ్డుందే, అట్టుండాది. పోగా పోగా ఇదొకటి దొరికింది." చెవి మీది పెన్సిలు తీసి, ఒక చెక్కపేడు మీద 1361 అని రాసి ఇచ్చాడు. "నిదానంగా చెయ్యి. తప్పు చెయ్యబాక."

"నేనెప్పుడు తప్పు చేసినాను?"

"చెయ్యలా. ఐనా చెప్తన్నా." అరచేత్తో రొమ్ము రుద్దుకున్నాడు. "రాత్రి నుంచీ ఈడ బరువుగా ఉండాది."

"ఆస్పత్రికి పోరాదా?"

"పోతాలే. ఈ నాలుగు గరిటెలూ కానీ."

వరదయ్య మళ్ళీ హారన్ కొట్టాడు. సామ్యేలు చెక్కపేడు చొక్కాజేబులో వేసుకొని వెళ్ళి బస్సెక్కి విజిల్ ఊదాడు.

ఆ 1361తో భాగించాల్సిన అంకె సామ్యేలు కొడుకుది. 2549153. పటాలంలో చేరినప్పుడు ఇచ్చిన నంబరు. డెబ్బై ఒకటి డిసెంబరులో, యుద్ధం జరుగుతుండగా, పోస్ట్‌మన్ వెంగయ్య టెలిగ్రాం తెచ్చి బస్టాండులోనే చేతికి ఇచ్చి, చదివి చెప్పకుండా సైకిలు తిప్పుకొని వెళ్ళిపోయాడు. అందులో ముందు అంకె ఉంది, తర్వాత పేరు, ఆ తర్వాత మిగిలిన మాటలు. సామ్యేలు దాన్ని పట్టుకొని మిషన్ పాళెంలోని ఇంటికి వెళ్ళాడు. హన్నమ్మ చేటలో బియ్యం పోసుకొని గడపలో కూర్చుని ఉంది. అతను వాకిట్లో నిలబడి అంకె చదివాడు. ఒక్కొక్క అంకే విడదీసి చదివాడు. పేరు దగ్గరకు వచ్చేసరికి నోరు ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి అంకె చదివాడు.

"అదేం అంకెయ్యా?" అంది హన్నమ్మ.

మూడోసారి చదివేటప్పుడు ఆమెకు అర్థమైంది. చేట ఒళ్ళోంచి జారింది.

శవం రాలేదు. కొన్ని నెలలకు ఒక ఇనప పెట్టె వచ్చింది. దాని మూత మీద తెల్ల రంగుతో అదే అంకె ఉంది. పేరు కూడా ఉందిగానీ మోసుకురావడంలో ఒరుసుకుపోయి అక్షరాలు సగం లేచిపోయాయి. అప్పటినుంచి సామ్యేలు కొడుకును పేరు పెట్టి అనలేదు. అనకూడదని పెట్టుకున్న నియమమేమీ కాదు. తుడవడం మానలేనట్టే, ఇది మొదలుపెట్టలేకపోయాడు. ఏడవనూ లేదు. హన్నమ్మ ఏడ్చినన్ని రోజులూ పక్కన కూర్చున్నాడు, నీళ్ళు తెచ్చి ఇచ్చాడు, డ్యూటీకి పోయాడు.

నిరుడు ఎండాకాలం బస్సు చెడిపోయి ఉదయగిరిలోనే ఒక పగలంతా నిలిచిపోయింది. సామ్యేలు బర్కతుల్లా టార్పాలిను కింద కూర్చున్నాడు. "నీ కొడుకు పేరేంది? అప్పుడెప్పుడో విన్నాను, మర్చిపోయినాను" అని అడిగాడు బర్కతుల్లా. సామ్యేలు పేరుకు బదులు అంకె చెప్పాడు. మరొకరైతే ఎగాదిగా చూసేవారు. బర్కతుల్లా మళ్ళీ చెప్పమని, చిత్రిక పట్టిన పలక మీద పెన్సిలుతో రాసుకున్నాడు. అతను పదో తరగతి దాకా చదివినవాడు. లెక్కలంటే ప్రాణం. తండ్రి పోయాక ఉలి పట్టాడు. అంకెలన్నీ కూడి ఇరవై తొమ్మిది అన్నాడు. మూడుతో తెగదన్నాడు. ఏడుతో చేసి చూశాడు, అయిదు మిగిలింది. పదకొండు, పదమూడు చూశాడు.

"ఇది గట్టి అంకె సామ్యేలూ. తొందరగా దేనికీ లొంగేట్టు లేదు."

"లొంగకపోతే?"

"ఒకటితో తెగుతాది, తనతో తను తెగుతాది. ఇంక దేనితోనూ తెగదు. అట్టాంటివి కొన్నుంటాయి. తెగని అంకెలు. ఇంత పెద్దదాన్ని తెగనిదని చెప్పాలంటే మాత్రం, దాని వర్గమూలం దాకా, అంటే పదహారు వందల లోపల ఉండే తెగని అంకెలన్నిటితోనూ వరసగా భాగించి చూడాల. ఒక్కదానితో శేషం లేకుండా పోయినా తెగినట్టే."

అలా మొదలైంది. బర్కతుల్లా పలక మీద అంకెలు వరసగా రాసుకొని, రెండు చొప్పున, మూడు చొప్పున, అయిదు చొప్పున కొట్టేసుకుంటూ పోయి మిగిలినవి ఏరేవాడు. పలక నిండగానే చిత్రిక పట్టి మళ్ళీ తెల్లగా చేసేవాడు. ఉదయగిరి డ్యూటీ పడిన రోజున ఒక అంకె ఇచ్చేవాడు. సామ్యేలు ఆత్మకూరులో ఖాళీ దొరికినప్పుడు టికెట్ల కట్ట అడుగున ఉండే అట్టముక్క మీద భాగహారం చేసి, శేషం గుర్తుపెట్టుకొని అట్ట పారేసేవాడు. చేస్తున్నంతసేపూ కొడుకును తలుచుకోనక్కర్లేదు. అయినా కొడుకు దగ్గరే కూర్చున్నట్టు ఉండేది. అది సుఖమో కాదో అతనికి తెలియదు. చేతులకు ఒక పని.

దుత్తలూరు దాటాక లిదియమ్మ టికెట్టు తీసుకుంటూ అతని మోచేయి పట్టుకుంది. పాళెం చర్చి సంఘంలో పెద్దది ఆమె. ఆత్మకూరులో కూతురింటికి పోతోంది.

"మునెయ్య రాయి కోసి నున్నగా చేసి పెట్టి నెల దాటిందంట గదా. ఏం చెక్కాల్నో నువ్వు చెప్పలేదని హన్నమ్మ బాధపడతా ఉండాది."

"చెప్తాలే అమ్మా."

"పేరే గదయ్యా. దానికి ఆలోచించేది ఏముండాది?"

సామ్యేలు చిల్లర ఇచ్చి ముందు సీట్ల వైపు కదిలాడు.

సంఘం సమాధుల దొడ్డిలో కొడుక్కి ఒక రాయి నిలబెట్టాలని హన్నమ్మకు ఎన్నేళ్ళనుంచో కోరిక. కింద మనిషి లేడు గదా అని సామ్యేలు అనేవాడు. "కింద లేకపోతే పోనీ. పైన పేరన్నా ఉండాల గదా" అనేది ఆమె. చివరికి ఒప్పుకున్నాడు. అయితే పేరు ముందు అంకె కూడా చెక్కించాలన్నాడు. ఇంటికి వచ్చింది అంకే గాబట్టి. హన్నమ్మకు ఎప్పుడూ రాని కోపం వచ్చింది.

"వాడు అంకె కాదయ్యా. నేను కన్నది అంకెను కాదు."

ఆ తగువు బర్కతుల్లా దగ్గరకు వెళ్ళింది. అతను ఇద్దరి మాటలూ విని, "ఈ లెక్క తేలనీండి. తెగని అంకె ఐతే రాయి మీద రాయించు సామ్యేలూ. తెగిందంటే పేరొక్కటే" అన్నాడు. పిల్లల పంచాయితీ మాదిరి ఉన్నా హన్నమ్మ సరేనంది. ఏదో ఒక రోజుకు అది అయిపోతుందన్న మాట ఆమెకు చాలినట్టుంది.

వింజమూరులో దిగేవాళ్ళు దిగారు. ఆ తర్వాతి ఊరు పేటలో దర్గాకు వచ్చినవాళ్ళు ఎక్కారు. పిల్లవాడికి టికెట్టు తీసుకోమంటే ఒకావిడ వాడి వయసు తగ్గించి చెప్పి, మళ్ళీ తానే అసలు వయసు చెప్పి నవ్వింది. సామ్యేలు ఆమె నవ్వినందుకు నవ్వాడు. ఆత్మకూరు చేరేసరికి ఎండ ముదిరింది.

డిపోలో విశ్రాంతి గది అంటే రెండు బల్లలు, ఒక కుండ. వరదయ్య ఒక బల్ల మీద తువ్వాలు ముఖాన కప్పుకొని పడుకున్నాడు. సామ్యేలు హన్నమ్మ కట్టిచ్చిన సద్ది తిన్నాడు. మజ్జిగన్నంలో ఉప్పు వేయడం ఆమె మరిచిపోయిందనేది సగం తిన్నాక తెలిసింది. గిన్నె కడిగి పెట్టి, అట్టముక్క మోకాలి మీద పెట్టుకొని మొదలుపెట్టాడు.

2549లో 1361 ఒకసారి. పోగా 1188. ఒకటి దించాడు. ఎనిమిదిసార్లు. పోగా 993. అయిదు దించాడు. ఏడుసార్లు పోతుంది. పోగా 408. మూడు దించాడు. 4083. పదమూడు వందల అరవై ఒకటి మూళ్ళు ఎంత అని వేసుకున్నాడు.

నాలుగు వేల ఎనభై మూడు.

కింద గీత గీసి సున్నా వేశాడు. కాసేపు ఆ సున్నా వైపు చూశాడు. అట్ట తిప్పి మళ్ళీ మొదటినుంచి చేశాడు. మళ్ళీ సున్నా. వచ్చిన 1873ని జేబులోని చెక్కపేడు మీది అంకెతో గుణించాడు. వరసలు కూడుకుంటూ వస్తే 2549153 వచ్చింది. టెలిగ్రాంలో ఉన్నట్టే, పెట్టె మూత మీద ఉన్నట్టే వచ్చింది.

లోపల ఏదైనా జరుగుతుందేమోనని ఆగాడు. ఏమీ జరగలేదు. బయట మెకానిక్కులు టైరు దొర్లించుకుపోతున్నారు. ఆ 1873 కూడా తెగుతుందేమోనని నాలుగైదు చిన్న అంకెలతో చూశాడు. తెగలేదు. అది కూడా గట్టిదేనేమో. బర్కత్‌భాయ్‌ని అడగాలి అనుకున్నాడు. ఇంతకాలం ఆ మనిషి దగ్గరకు తెగలేదన్న మాటే పట్టుకొని వెళ్ళాడు. ఈరోజు తెగిందని చెబితే ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహకు రాలేదు. మొదటిసారి అట్టముక్క పారేయకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వరదయ్య లేచి ముఖం కడుక్కుంటూ అడిగాడు. "ఏందన్నా, అట్టుండావు?"

"ఎట్టుండాను?"

"ఏమో. జేబు మీద చెయ్యి పెట్టుకోని కూర్చోనుంటే."

"ఏం లేదు. పద, అనంతసాగరం ట్రిప్పుకు టైమైంది."

అనంతసాగరం పోయి వచ్చారు. దారిలో ఒకచోట దిగేవాళ్ళుంటే విజిల్ ఊదడం మరిచాడు. గడ్డిమోపుతో ఉన్న రైతు, "ఏందయ్యా, నిద్రపోతన్నావా?" అని గట్టిగా అడిగాక ఊదాడు. వాళ్ళు వెనక్కి నడిచి వెళ్ళాల్సి వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో అలా జరగడం అతనికి గుర్తులేదు. తిరిగి ఆత్మకూరు వచ్చి, సందెకు ఉదయగిరి చేరే బస్సు తీసుకున్నారు. వింజమూరు దాటాక చెట్టు లేని ఆ రోడ్డు వచ్చినప్పుడు కిటికీలోంచి చూశాడు. నిజంగానే ఒక్కటీ లేదు. చెప్పవలసిన మాట నోట్లో సిద్ధం చేసుకున్నాడు. తెగింది భాయ్. పదమూడు వందల అరవై ఒకటి, పద్దెనిమిది వందల డెబ్బై మూళ్ళు.

ఉదయగిరి బస్టాండులోకి తిరిగేటప్పుడు బర్కతుల్లా టార్పాలిను ముందువైపు దించేసి ఉంది. వెలుతురు ఇంకా పోలేదు. ఇంత త్వరగా కట్టేయడు. బస్సు ఆగింది. దిగేవాళ్ళ తలల మధ్యనుంచి హన్నమ్మ కనబడింది. కొంగు తల మీదికి లాక్కొని సోడాబండి పక్కన నిలబడి ఉంది. ఆమె బస్టాండుకు ఎప్పుడూ రాదు.

చివరి మనిషి దిగేదాకా సామ్యేలు మెట్టు మీదే నిలబడ్డాడు.

"బర్కత్‌భాయ్ పోయినాడు" అంది హన్నమ్మ.

"ఎప్పుడు?"

"మద్దేన్నం. నమాజు చేసుకోని వచ్చి అంగట్లోనే పండుకున్నాడంట. కరీంబీ కూడు తెచ్చి లేపితే లెయ్యలా. ఇప్పుడే తీసకపోయి మన్ను చేసి వచ్చినారు. నీకోసం ఉంచమని అడుగుదామనుకున్నాను. ఎట్టడిగేది?"

సామ్యేలు తల ఊపాడు. సంచి వరదయ్యకు ఇచ్చాడు.

బర్కతుల్లా ఇంటిముందు చాపల మీద నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళు జరిగి చోటిచ్చారు. సామ్యేలు చెప్పులు విడిచి కూర్చున్నాడు. హన్నమ్మ లోపలికి వెళ్ళింది. ఎవరో నీళ్ళు ఇచ్చారు, తాగాడు. తలుపుకు వేలాడే గుడ్డ వెనకనుంచి బర్కతుల్లా భార్య కరీంబీ గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది.

"సామ్యేలూ."

"చెప్పు వదినా."

"ఆ లెక్క ఐందా?"

చాప మీదివాళ్ళు అతని వైపు చూశారు. "ఐంది వదినా. తెగింది."

గుడ్డ వెనక కరీంబీ ముక్కు చీదింది.

"తెగుతాదని ఆయన నిరుడే చెప్పినాడు నాకు. నువ్వు అంకె చెప్పిన వారం దినాలకే పలక మీద చేసేసినాడు. మరి చెప్పరాదా పాపం, ఎందుకు ఊరికే తిప్పతన్నావు అంటే, వద్దులే, వరసగానే రానీ, రోజూ వచ్చి కూర్చుంటా ఉండాడు గదా అన్నాడు. పొద్దున నువ్వు పోయినాక ఇంటికొచ్చి, సాయంత్రం బస్సు ఎన్నింటికొస్తాదని అడిగినాడు. ఆయనకు తెలీని టైమా అది?"

సామ్యేలు జేబులోని అట్టముక్కను తాకాడు. బయటికి తీయలేదు. పొద్దున బర్కతుల్లా తప్పు చెయ్యవద్దని ఎందుకన్నాడో ఇప్పుడు తెలిసింది. "సరే వదినా" అన్నాడు. ఆ మాట చాలదని అనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు సందె చీకటి పడుతోంది. హన్నమ్మ ఒక అడుగు వెనక నడుస్తోంది. బస్టాండు దగ్గరకు వచ్చాక సామ్యేలు ఆగాడు.

"మునెయ్యకు కబురు చెయ్యి. పేరొక్కటే చెక్కమను."

హన్నమ్మ కూడా ఆగింది. అతని ముఖం సరిగా కనబడక దగ్గరకు వచ్చింది.

"ఏం పేరని చెప్పమంటావు?"

ఆమెకు తెలియక కాదు. సామ్యేలు నోరు తెరిచాడు. అలవాటుగా అంకె వచ్చింది నాలుక మీదికి. రెండు, అయిదు అన్నంతవరకు వచ్చింది. దాన్ని మింగాడు. హన్నమ్మ కదలకుండా నిలబడింది. పదేళ్ళు ఆగిన మనిషి.

"ఆమోసు" అన్నాడు.

చాలా మెల్లగా అన్నాడు. సరిగా పలికాడో లేదోనని తనకే అనుమానం వచ్చి మళ్ళీ అన్నాడు. "ఆమోసు అని చెప్పు."

హన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల ఊపింది. అతని ఎడమచెయ్యి పట్టుకుంది. చివరి రెండు వేళ్ళనే పట్టుకుందని చూసి తెలుసుకున్నాడు. వదిలించుకోలేదు.

పక్కనే బర్కతుల్లా టార్పాలిను గాలికి పైకి లేచి పడుతోంది. ఎవరో తాళ్ళు సరిగా కట్టలేదు. సామ్యేలు వంగి ముడి వేయబోయి లోపలికి చూశాడు. ఉలులన్నీ ఇంటివాళ్ళు తీసుకుపోయినట్టున్నారు, గోతాం గుడ్డ కూడా లేదు. మూలన సిమెంటు తొట్టిలో, గరిటె చెక్కేందుకు మెత్తబడాలని వేసిన నర్ది చెక్క ఒకటి నీళ్ళలో ఇంకా నానుతూ ఉంది.